ముసురులో సైకిలు, పాసిన వేళ్లు: ఒక సోదరికి జవాబు

ప్రశ్న: అన్నా, మాది ఇందుకూరుపేట మండలం. నెల్లూరులో ఒక ల్యాబు రిసెప్షన్లో పని చేస్తాను. రోజూ పొద్దున సైకిలెక్కి మైపాడు రోడ్డు మీదుగా వెళ్తాను, ముప్పావుగంట పైనే పడుతుంది. కార్తీకంలో ముసురు పట్టినప్పటి నుంచి రోజూ షూ తడిసిపోతోంది. ల్యాబులో షూ తప్పనిసరి, అందుకని ఆ తడి షూతోనే సాయంత్రం దాకా ఉండాలి. వేళ్ల సందులు పాసిపోయి తెల్లగా లేస్తున్నాయి, మెట్టెల కింద మంట. మా అత్తమ్మ చెప్పిందని సాక్సుల మీద క్యారీబ్యాగు కట్టుకుని షూ వేసుకున్నాను, అయినా లోపల తడే. సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లారిపూట వేళ్లు జివ్వుమంటాయి. నెట్‌లో నీళ్లు పట్టని సైక్లింగ్ షూ చూశాను, తొమ్మిది వేలంట. కొనమంటారా? మా మామయ్యకు షుగరు, చీకటితోనే సైకిల్ మీద రొయ్యల గుంట దగ్గరికి పోతాడు, ఆయనకేం చెప్పాలి? జర్మనీలో చదువుతున్న మా తమ్ముడు రెండేసి సాక్సులు వేసుకున్నా కాళ్లు మొద్దుబారుతున్నాయంటున్నాడు. వాడికీ ఒక మాట చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు షూ సంగతి తేల్చేద్దాం. కొనొద్దు. ఆ రకం షూలో గోర్‌టెక్స్ లాంటి పొర ఉంటుంది. బయటి నీటిచుక్కను ఆపి లోపలి చెమట ఆవిరిని బయటికి పంపడం దాని పని. ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా బాగా చల్లగా, పొడిగా ఉండాలి. నవంబరులో మన దగ్గర గాలే నీళ్లోడుతూ ఉంటుంది, లోపలి చెమటకు పోయే దారి దొరకదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. షూ ఎంత ఖరీదైనదైనా కాలు దూర్చే కంత పైన ఉండనే ఉంటుంది. ప్యాంటు మీద పడిన వాన పిక్కల మీదుగా జారి సాక్సులోకి, సాక్సు నుంచి షూలోకి దిగుతుంది. బయటి నీళ్లను రానివ్వని పొర లోపలికి దిగిన నీళ్లను పోనివ్వదు కూడా. మామూలు గుడ్డ షూ రెండో రోజుకైనా ఆరుతుంది, అది మూడో రోజుకు కూడా చెమ్మగానే ఉంటుంది.

మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. జనవరి తెల్లవారుజామున కూడా నెల్లూరులో ఎక్కువ రోజులు 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. నల్లమల కిందుండే గిద్దలూరు, మార్కాపురం వైపు ఇంకాస్త తగ్గుతుంది. 20 డిగ్రీలంటే పొడి కాలుకు అసలు చలే కాదు. తడి కాలుకు చలే, ఎందుకంటే నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. దానికి సైకిల్ మీద ఎదురుగాలి తోడు. కాబట్టి మీ కాళ్లకు కావాల్సింది వెచ్చదనం కాదు, ఆరుదల. అది కూడా సైకిల్ మీద ఉన్న ముప్పావుగంట కాదు, దిగిన తర్వాతి పది గంటలు. దారిలో తడిస్తే కాలికి వచ్చే నష్టం చాలా తక్కువ. తడిసిన కాలిని మూసి పెట్టి సాయంత్రం దాకా ఉంచడం వల్లే సందులు పాస్తున్నాయి.

ఇంతకీ షూలోకి నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో ఒకసారి కళ్లారా చూడండి. షూ మీద పొడి ముగ్గుపిండి పలచగా చల్లి, వాన వెలిసిన తర్వాత తడి రోడ్డు మీద ఒక కిలోమీటరు మీ మామూలు వేగంతో తొక్కండి. దిగి చూస్తే చుక్కలు ఎక్కడ పడ్డాయో తెలిసిపోతుంది. బొటనవేలి పైన, పాదం లోపలి పక్క పిండి చెదిరితే అది ముందు టైరు పని. చీలమండ దగ్గర పైనుంచి కిందికి చారలు కడితే ప్యాంటు నుంచి కారిన నీళ్లు. మడమ వెనక పడితే వెనక టైరు. చాలామందికి మొదటిదే ఎక్కువ ఉంటుంది. ఆకాశం నుంచి పడే చినుకు కన్నా ముందు టైరు రోడ్డు మీంచి లేపి కొట్టే నీళ్లే పాదాన్ని తడుపుతాయి, అందుకే వాన వెలిశాక కూడా షూ తడుస్తుంది. అదీగాక మీ దారిలో రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు కూడా ఉంటాయి, వాటి వాసన సాక్సుకు పడితే ఒక ఉతుకుతో వదలదు.

పాతకాలపు ఇనుప సైకిళ్లకు పొడవాటి మడ్‌గార్డు, దాని చివర రబ్బరు ముక్క ఉండేవి. ఇప్పుడొచ్చే వాటికి జానెడు ప్లాస్టిక్ ముక్క పెట్టి మడ్‌గార్డు అంటున్నారు, చూడ్డానికి బాగుంటుంది తప్ప నీళ్లాపదు. మీది ఆ రకమైతే సైకిల్ షాపులో మీ ముందు చక్రం సైజు చెప్పి పూర్తి పొడవు మడ్‌గార్డు వేయించండి. ఆ తర్వాత దాని చివరకు ఒక ఫ్లాపు కట్టాలి. అసలు పని చేసేది అదే.

పంక్చర్ షాపులో పారేసే లారీ ట్యూబు ముక్క అడగండి. సైకిల్ ట్యూబు పనికిరాదు, పలచన, గాలికి ఎగిరిపోతుంది. పైన ఆరు సెంటీమీటర్ల వెడల్పు, కింద పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా, చేట ఆకారంలో కత్తిరించండి. పొడవు మీ సైకిల్‌ను బట్టి: మడ్‌గార్డు చివర నుంచి నేలకు కొలిచి, కింద ఎనిమిది సెంటీమీటర్లు వదిలి, పైన మడ్‌గార్డు మీదికి ఎక్కడానికి నాలుగు సెంటీమీటర్లు కలుపుకోండి. ట్యూబుకు సహజంగా ఒక వంపు ఉంటుంది, ఆ గుంత వైపు టైరుకు ఎదురుగా ఉండాలి. కాల్చిన మేకుతో పక్కపక్కన రెండు కంతలు పెట్టి, రెండు చిన్న బోల్టులతో బిగించండి. రబ్బరుకు అటూ ఇటూ వాషర్లు వేయకపోతే నెలకే కంత చిరిగి ఊడిపోతుంది. బోల్టు తల టైరు వైపు, నట్టు బయటి వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే పొడుచుకొచ్చిన బోల్టు కొన టైరును కోస్తుంది. బిగించాక చక్రం తిప్పి చూడండి, బోల్టు తలకూ టైరుకూ మధ్య సెంటీమీటరు సందు ఉండాలి. ఫ్లాపు గాలికి వెనక్కి లేస్తుంటే కింది అంచులో ఒక బరువైన వాషరు బిగించండి, నిలబడుతుంది. నేలకు మరీ దగ్గరగా పెడితే స్పీడు బ్రేకరు దగ్గర రాసుకుని చినుగుతుంది. ఎనిమిదికి తగ్గించకండి, పన్నెండు దాటించకండి. ఆ తర్వాత ముగ్గుపిండి మళ్లీ చల్లి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

టైరు కింద నలిగి పక్కకు చిమ్మే నీళ్లను మాత్రం ఏ ఫ్లాపూ ఆపలేదు. నీళ్లు నిలిచిన చోట నడక వేగానికి తగ్గించడమే దారి. గుంతలో నీళ్లు ఉంటే తొక్కడం ఆపి, రెండు పెడళ్లూ నేలకు సమానంగా ఉంచి జారిపోనివ్వండి. పెడల్ కిందికి దిగినప్పుడు నేలకు దాదాపు పది సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, సమానంగా ఉంచితే ఇరవై ఐదు దాటుతుంది. ఆ కాస్త తేడాకే పాదం నీళ్లలో మునగకుండా దాటుతుంది. నీళ్లు చక్రం ఇరుసు దాకా ఉంటే దిగి నెట్టుకుపొండి, లేదంటే గోళీల దగ్గర గ్రీజు కొట్టుకుపోతుంది. పారే నీళ్లయితే అడుగే పెట్టొద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగింది. రోడ్డు మీద పారే నీటి కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి చూస్తే తెలియదు.

ఇప్పుడు మీ అత్తమ్మ చెప్పిన కవరు. ఆవిడ మాట పూర్తిగా తప్పు కాదు, వేసుకున్న వేళ తప్పు. బయల్దేరేటప్పుడు కట్టుకుంటే బయటి తడి ఆగుతుంది గానీ, 25 డిగ్రీల గాలిలో తొక్కే కాలికి చెమట పడుతుంది, ఆ చెమటకు పోయే దారి ఉండదు. అరగంట దాటేసరికి సాక్సు లోపలి నుంచి తడుస్తుంది. పైగా కవరు నోరు బిగించకపోతే పిక్కల మీంచి కారిన వాన అందులోకే దిగి నిలబడుతుంది. అదే కవరు సాయంత్రం పనికొస్తుంది. పొద్దున తడిసిన షూ సాయంత్రానికి ఇంకా చెమ్మగా ఉంటే, పొడి సాక్సు తొడిగి, దాని మీద కవరు వేసి, అప్పుడు షూ వేసుకోండి. షూలోని చెమ్మ సాక్సుకు అంటదు. ఇల్లు చేరగానే విప్పేయండి.

వాన పడే రోజుల్లో అసలు షూతో సైకిలెక్కకండి. ల్యాబు షూ, రెండు జతల సాక్సులు, ఒక నూలు గుడ్డ అక్కడే మీ అరలో ఉంచుకోండి. అర లేకపోతే మందపాటి కవర్లో చుట్టి బ్యాగులో వేసుకోండి. సైకిల్ మీద వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్ వేసుకోండి, షాపుల్లో ఫ్లోటర్స్ అని అడిగితే ఇస్తారు. కొనేటప్పుడు పట్టీ లోపలి వైపు వేలితో నొక్కి చూడండి. స్పాంజిలా అణిగితే వద్దు, అది నీళ్లు పీల్చుకుని రోజంతా వదలదు. అడుగు గట్టిగా ఉండాలి, మెత్తనిదైతే పెడల్ అంచు అరికాలిని ఒత్తుతుంది. వేళ్ల ముందు కప్పు ఉంటే రాయి ఎగిరి తగలదు. హవాయి చెప్పులు మాత్రం వద్దమ్మా. తడిసిన హవాయి చెప్పు పాదం కింద జారుతుంది, పాదం పెడల్ మీంచి జారుతుంది, పడేది మోకాలి మీద.

తడిలో కాలు జారుతోందంటే పెడల్ కూడా చూడాలి. రబ్బరు కట్టెల పెడళ్లు అరిగితే నున్నగా గాజులా తయారవుతాయి. పళ్లున్న పెడళ్లు వేయించుకోండి. ఇంట్లోనే మారుస్తామంటే పదిహేను నంబరు స్పానర్ కావాలి. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది, అది తెలియక చాలామంది మర పాడు చేస్తారు. గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువుంది. స్పానర్‌ను పైకి నిలబెట్టి పట్టించి, దాని పైకొనను వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ ఊడతాయి, ముందు చక్రం వైపు తోస్తే రెండూ బిగుస్తాయి. బిగించే ముందు మరకు కాస్త గ్రీజు పూయండి. మీ వైపు ఉప్పుగాలికి అది లేకుంటే వచ్చే ఏడాది ఎవరి చేతా ఊడదు.

ప్యాంటు సంగతి. చుడీదార్ అడుగు నూలుదైతే వత్తిలా నీటిని పాదం దాకా లాగుతుంది. వానలో దాన్ని మోకాలి కిందికి మడిచి పిన్ను పెట్టుకోవడం మేలు, చర్మం మీద పడిన నీళ్లు జారిపోతాయి. రెయిన్ ప్యాంటు వేసుకుంటే దాని అంచు ఎప్పుడూ షూ బయటికి ఉండాలి, షూలోకి దోపితే కాలువ తీసి షూలోకి నీళ్లు పెట్టినట్టే. కుడి కాలు వైపు అంచును రబ్బరు బ్యాండుతో బిగించండి, చైనులో పడకుండా.

చేరిన తర్వాత చేసే పని ముఖ్యం, ఇక్కడ తొందర పడొద్దు. లోపలికి పోయే ముందే శాండల్ విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, నూలు గుడ్డతో తుడవండి. పాత లుంగీ ముక్కో, పంచె ముక్కో బాగా పీలుస్తుంది, కొత్త తువ్వాలు పీల్చదు. పాదం మొత్తం తుడిచి వదిలేస్తారు అందరూ. గుడ్డ అంచును ఒక్కో సందులోకి దూర్చి లాగాలి, ముఖ్యంగా చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య. పాయడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది, ఆ సందుకు గాలి తగలదు. తుడిచాక ఐదారు నిమిషాలు గాలికి వదిలి అప్పుడు సాక్సు వేయండి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆ సాక్సు మార్చి రెండో జత వేసుకోండి. సాక్సులు నూలువి వద్దు, నైలాన్ కలిసిన పలచటివి త్వరగా ఆరతాయి. పౌడరు పొడి చర్మం మీద పలచగా చల్లితే మంచిదే. తడి సందులో వేస్తే ముద్ద కట్టి ఒరుస్తుంది.

మెట్టెల కింద మంటకు కారణం చాలాసార్లు మెట్టె కాదు, దానికి చుట్టిన దారం. వదులైన మెట్టె జారకుండా వెనక దారం చుడతారు కదా, ఆ దారం పొద్దున తడిస్తే రాత్రి దాకా ఆరదు. రోజంతా తడి గుడ్డ కట్టినట్టు చర్మాన్ని నానబెడుతుంది. దారం కోసేసి, మెట్టెను కంసాలి దగ్గర నొక్కించి బిగువు చేయించుకోండి. వెనక తెరిచే ఉంటుంది కాబట్టి నిమిషం పని. మంట తగ్గేదాకా తీసి ఉంచగలిగితే ఇంకా మంచిది. అది ఇంట్లో కుదరదంటే, తుడిచే ప్రతిసారీ మెట్టెను పైకి జరిపి దాని కింద కూడా తుడవండి. వేలు ఉబ్బి మెట్టె బిగుసుకుంటుంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా తీసేయాలి. కాలి పట్టీలు సాక్సు కింద ఉంచకండి.

ఇప్పటికే పాసిన సందులకు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము పొద్దున, రాత్రి పలచగా రాయండి. వారానికే మానినట్టు కనిపిస్తుంది, అప్పుడే మానేస్తారు, మళ్లీ తిరగబెడుతుంది. చర్మం బాగయ్యాక కూడా రెండు వారాలు రాయాలి, మొత్తం నెల అనుకోండి. షాపువాడు ఇచ్చే ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి పేర్లుంటే తీసుకోకండి. అవి స్టెరాయిడ్లు. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, కింద తామర మాత్రం పాకుతూ పోతుంది. కొబ్బరినూనె, పసుపు కలిపి సందుల్లో పెట్టడం మనవాళ్లకు అలవాటు. నూనె మడమ పగుళ్లకు మంచిది, సందుల్లో చెమ్మను పట్టి ఉంచుతుంది. పాదం పైకి ఎర్రగా పాకినా, వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా క్రీముతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించండి. ఇంట్లో బోదకాలు ఉన్నవాళ్లుంటే వాళ్లకు ఇలా సందులు పాయడం ఇంకా ప్రమాదం, ఆ పగుళ్ల నుంచే సూక్ష్మక్రిములు దిగి కాలు మళ్లీ మళ్లీ వాస్తుంది. వరద నీళ్లలో పుండు కాలితో నడిచిన రెండు వారాల్లోపు జ్వరం, పిక్కల్లో గట్టి నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే ఎలుక జ్వరం కావచ్చు. నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయన అడక్కపోవచ్చు.

తడిసిన షూను ఆరబెట్టడం గురించి. లోపలి అట్ట తీసి విడిగా పెట్టాలి, సగం నీళ్లు దాని కిందే ఉంటాయి. పేపరు నలిపి ముందు వేళ్ల దాకా కూరండి, గంటకు తీసి కొత్త పేపరు పెట్టండి, పడుకునేముందు మరోసారి. మొదటి పేపరు రాత్రంతా వదిలేస్తే అది తాగిన నీళ్లతో షూను చెమ్మగానే ఉంచుతుంది. తెల్లారి పేపరు తీసేసి నోరు ఫ్యాను వైపు పెట్టండి. ఫ్రిజ్ వెనక వెచ్చటి గాలి తగిలేచోట పెట్టినా ఆరుతుంది, ఇంట్లోవాళ్లు ఊరుకుంటే. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి, అడుగు అంటించిన గమ్ము కరిగి నోరు తెరుస్తుంది, తోలు బిరుసెక్కి పగులుతుంది. ముసురు రోజుల్లో ఒక్క రాత్రికి పూర్తిగా ఆరదు, కాబట్టి రెండు జతలు మార్చి మార్చి వేసుకోవడం తప్పదు. తొమ్మిది వేల షూ కన్నా మామూలువి రెండు జతలు నయం.

డిసెంబరు చివరికి ముసురు పోయి మంచు మొదలవుతుంది. అప్పటి జివ్వు వేరు. అది వాన తడి కాదు, షూ ముందున్న వల గుడ్డలోంచి దూరే గాలి. ఆ రోజుల్లో కవరును పాదం మొత్తానికి కాకుండా వేళ్ల వరకే, సాక్సు మీద టోపీలా పెట్టండి. మడమ వైపు తెరిచి ఉంటుంది కాబట్టి చెమట పోతుంది, వేళ్లకు గాలి ఆగుతుంది. కవరు బదులు మడిచిన పేపరు ముక్క కూడా చాలు. శాండల్ వదలడం ఇష్టం లేకపోతే బొటనవేలు విడిగా ఉండే సాక్సులు దొరుకుతాయి, అవి వేసుకోండి. లేసు మరీ బిగించకండి, రక్తం ఆడక వేళ్లు చల్లబడతాయి.

మామయ్యగారి విషయంలో జాగ్రత్త కావాలి. షుగరు చాలా ఏళ్లుగా ఉంటే పాదంలో స్పర్శ తగ్గుతుంది. గవ్వ పెంకు గుచ్చుకున్నా, చెప్పు ఒరిసినా ఆయనకు తెలియదు. వట్టి కాళ్లతో గుంట గట్టు మీద తిరగనివ్వకండి. గుంట దగ్గర గమ్‌బూట్లు మంచివే గానీ వాటితో సైకిల్ తొక్కకూడదు. బరువు, మడమ పెడల్ ఇరుసుకు తగులుతుంది, పైనుంచి వాన దిగితే బూటు నిండుతుంది. బూట్లు క్యారియర్‌కు కట్టుకుని, ముందు మూసి ఉన్న మెత్తటి శాండల్ సాక్సుతో వేసుకుని తొక్కమనండి. బూటు వేసే ముందు ప్రతిసారీ బోర్లించి దులపాలి, చెయ్యి పెట్టి చూడాలి. రాత్రి ఇంటికొచ్చాక అరికాలు, సందులు వెలుతురులో మీరో అత్తమ్మో చూడండి. ఆయనే చూసుకుంటానంటే నేల మీద అద్దం పెట్టి చూసుకోవచ్చు. కాళ్లు చల్లబడ్డాయని చలిమంట దగ్గర చాపడం, వేడినీళ్లలో పెట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం మూడూ వద్దు. బొబ్బ లేచేదాకా ఆయనకు కాలుతున్నట్టు తెలియదు. గోరువెచ్చని నీళ్లు కూడా మీ మోచేయి పెట్టి చూశాకే. తొక్కేటప్పుడు పిక్క పట్టేసినట్టు నొప్పి వచ్చి ఆగితే తగ్గుతుంటే, లేదా రెండు పాదాల్లో ఒకటే చల్లగా నీలంగా ఉంటే, అది చలి కాదు, రక్తనాళం సంగతి. ఆలస్యం చేయకుండా చూపించాలి. బీడీ అలవాటుంటే రక్తనాళాలు ఇంకా ముడుచుకుంటాయని చెప్పండి, వింటారో లేదో మీకే తెలుసు.

ఇక తమ్ముడు. పైన చెప్పినవాటిలో సగం అక్కడ తిరగబడతాయి. సున్నా డిగ్రీల దగ్గర మీ అత్తమ్మ కవరు దివ్యంగా పనిచేస్తుంది: పలచటి సాక్సు, దాని మీద కవరు, దాని మీద మందపాటి ఉన్ని సాక్సు. చెమట లోపలే ఆగి పైన ఉన్న ఉన్ని పొడిగా ఉంటుంది, వెచ్చదనమంతా దానిదే. అయితే షూలో చోటుండాలి. రెండు సాక్సులు వేసుకున్నా మొద్దుబారడానికి కారణం చాలాసార్లు అదే: మామూలు షూలో రెండోది ఇరుకుగా కుక్కితే సాక్సులోని గాలి నలిగిపోతుంది, రక్తం ఆడదు. వేసుకున్నాక వేళ్లు స్వేచ్ఛగా కదలాలి, లేకుంటే ఒక సైజు పెద్ద షూ, అందులో ఉన్ని ఫెల్టు అట్ట. చలి సగం అడుగు నుంచే ఎక్కుతుంది, ముఖ్యంగా షూకి అడుగున, పెడల్‌కు పట్టుకునే ఇనుప క్లీట్లు బిగించి ఉంటే. చలికాలానికి మామూలు ప్లాస్టిక్ పెడళ్లకు మారడం నయం. షూ మీద తొడిగే నియోప్రీన్ (స్పాంజి రబ్బరు) కవర్లు గాలిని బాగా ఆపుతాయి, గంట వానకు మాత్రం ఆగవు. ఇంకోటి, తల, మెడ, పిక్కలు చల్లబడితే ఒళ్లు పాదాలకు రక్తం తగ్గిస్తుంది. టోపీ లేకుండా కాళ్లకు ఎన్ని తొడిగినా లాభం లేదు. మొద్దుబారడం మొదలవగానే దిగి రెండు నిమిషాలు సైకిల్ నెట్టుకుంటూ నడవమనండి. తొక్కేటప్పుడు వేళ్లు వంగవు, నడిచేటప్పుడు వంగుతాయి, రక్తం తిరుగుతుంది. వేళ్లు మైనంలా తెల్లబడి స్పర్శ పూర్తిగా పోతే రుద్దకూడదు, హీటర్ మీద పెట్టకూడదు. వెచ్చటి గదిలోకి వచ్చాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ఉంచాలి, మళ్లీ ఆ చలిలోకి పోకూడదు. రంగు తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లమనండి.